పాత పొగబండి యంత్రములను ఫొటో తీయుటను గూర్చి

మన విద్యార్థులలో కెమేరా చేతబట్టనివాడు నేడు లేడనవచ్చును. పూర్వము కెమేరా యనునది ఊరికొక్క స్టూడియోలో, నల్లగుడ్డ కప్పుకొని, మూడుకాళ్లపై నిలిచియుండెడి గొప్ప వస్తువు. నేడది సెల్‌ఫోనులో నొకమూల నిమిడియున్నది. సెలవులలో నీలగిరులకో ఢిల్లీకో పోయివచ్చిన పిల్లలు తాము తీసిన బొమ్మలను మాకు చూపుచుందురు. వానిలో పాత ఆవిరియంత్రముల బొమ్మలు తఱచుగా నుండుచున్నవి. రాకెట్ల కాలమున పెరుగుచున్న పిల్లలకు నూఱేండ్లనాటి యినుపయంత్రముపై మనసు పోవుట సంతోషింపదగిన విషయమే. అయినను ఆ బొమ్మలను జూచినపుడెల్ల మాకొక కొఱత కనబడుచున్నది. బొమ్మలో యంత్రము కలదు, పొగ కలదు, యంత్రము ముందు చేతులు కట్టుకొని నవ్వుచున్న బాలుడు కలడు. ఆ యంత్రమును నడుపు మనుష్యుడు మాత్రము లేడు. ఇది చిన్న లోపమని మేము తలంచుటలేదు. ఏల చిన్నది కాదో చెప్పుటకే యీ నాలుగు మాటలు.

మన దేశమున మొదటి ప్రయాణికుల రైలు 1853వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు నడచెను. వాడి–సికిందరాబాదు మార్గము 1874లో తెఱవబడెను. అది మొదలు నూఱేండ్లకు పైగా బొగ్గును నీరును మన రైళ్లను లాగినవి. స్వరాజ్యము వచ్చిన పిదప చిత్తరంజన్ కార్ఖానాలోనే 1950 మొదలు 1972 వఱకు 2,351 ఆవిరియంత్రములు తయారైనవి. అటుపిమ్మట డీజిలును విద్యుత్తును వచ్చినవి. బ్రాడ్‌గేజి మార్గములపై ఆవిరియంత్రము లాగిన చివరి నిత్యపు బండి 1995 డిసెంబరు 6వ తేదీన జలంధరు–ఫిరోజుపూరుల నడుమ నడచెను. ఈ సంచిక చదువుచున్న పిల్లలలో నొక్కరును అప్పటికి పుట్టియుండలేదు. వారి తలిదండ్రులలో ననేకులు కంటిలో బొగ్గునలుసు పడి యేడ్చినవారే!

మిగిలిన యంత్రములలో చాలభాగము స్టేషనుల ముంగిటను, రైల్వే యాఫీసుల తోటలలోను దిమ్మెలపై నిలువబెట్టబడియున్నవి. వానిని జూచినచో మాకు జాలి కలుగును. రంగుపై రంగు పూసి, చక్రములకెఱుపును, రాడ్లకు వెండిరంగును దట్టించి, దీపావళికి అలంకరించిన బొమ్మవలె చేసిరి. నడచుచున్న యంత్రమున రాడ్డు నూనెతో తళతళలాడు ఉక్కు. వెండిరంగు పూసిన యుక్కు కాదు. అయినను తుక్కుక్రింద కొలిమిలోనికి పోవుటకంటె దిమ్మెపై నిలుచుట మేలే గదా. ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాల 1977లో తెఱవబడినది. అందున్న యంత్రములకు మంచి సంరక్షణ కలదు. అన్నిటికంటె మిన్నయైనవి నేటికిని నిప్పు రాజవేయ వీలున్న యంత్రములు. ఫెయిరీ క్వీన్ అనుదానిని 1855లో ఇంగ్లాండునందలి లీడ్సు నగరమున కట్టిరి. అది 1909లో పని మానెను. పెక్కేండ్లు హౌరా స్టేషనులోను, ఆ తరువాత చందౌసీలోని రైల్వే శిక్షణశాలలోను ఊరక నిలిచియుండెను. దానిని బాగుచేసి 1997లో మరల ఢిల్లీనుండి ఆల్వారునకు నడిపిరి. తాతకు ముత్తాతయైన యంత్రము పట్టాలెక్కి కూతవేసినదన్న మాట! ఢిల్లీకి నైరృతిదిశనున్న రేవాడీలో 1893 నాటి లోకోషెడ్డొకటి యిట్టి యంత్రములకు నిలయమై యున్నది. తుపాకిగుండువలె ముక్కు గుండ్రని డబ్ల్యు.పి. జాతి యంత్రములను, 1947లో అమెరికానుండి వచ్చిన వానిలోనిదైన ‘ఆజాద్’ను అచ్చట జూడవచ్చును.

ఇక ఫొటోల మాట. ఆవిరియంత్రమును ఫొటో తీయువారందఱు కోరునది నల్లనిపొగ. ఆకాశమంతయు కమ్ముకొను కారుమేఘమువంటి పొగ లేనిదే బొమ్మ బొమ్మకాదని వారి నమ్మకము. పాశ్చాత్యదేశములలో ఫొటోగ్రాఫర్లు చందాలు వేసికొని, పాత యంత్రమును బాడుగకు దీసికొని, వంపువద్ద కెమేరాలతో బారులుదీఱి నిలుతురు. బండి వెనుకకు పోయి మరల ముందునకు వచ్చును; వలసినన్ని మార్లు వచ్చును. కెమేరాల ముందునకు రాబోవునపుడు పొయ్యిలో ఎక్కువ బొగ్గు వేయుమని ఫైర్‌మనును కోరుట కలదు. ఆ కోరిక మాకు నచ్చదు. ఎందుచేతనో చెప్పెదము.

పొగ వేఱు, ఆవిరి వేఱు. అసలైన యావిరి కంటికి గనబడదు. మరగుచున్న కెటిలు ముక్కును జాగ్రత్తగా చూడుడు: ముక్కును అంటుకొని కొంత మేర ఏమియు లేనట్లు తోచును, అచ్చటనే యావిరి యున్నది. ఆపైన తెల్లగా గనబడునది చల్లబడి నీటితుంపరలైన భాగము. కాబట్టియే చలికాలపు తెల్లవారుజామున యంత్రముపై తెల్లని మబ్బు బారుగా సాగును. రోహిణికార్తె మిట్టమధ్యాహ్నమున అదే యంత్రము అదే పని చేయుచున్నను మబ్బు చప్పున మాయమగును. నల్లపొగ సంగతి యిది కాదు. చాలినంత గాలి తగులక, బొగ్గు పూర్తిగా కాలక బయటికి పోవుటయే నల్లపొగ. వంటింటిలో కట్టెలు సరిగా అంటుకొననపుడు గది పొగతో నిండుట చూడలేదా? అట్టిదే యిదియు. మంచి ఫైర్‌మను కొంచెము కొంచెముగా, మాటిమాటికి, నిప్పుపై పలుచగా పఱచునట్లు బొగ్గు వేయును. గొట్టముపైన లేత బూడిదవన్నె తప్ప మఱేమియు కనబడనీయడు. ఎత్తెక్కునపుడు, క్రొత్త బొగ్గు వేసినపుడు కొంచెము నల్లబడుట సహజమే. గంటల తరబడి నల్లపొగ క్రక్కించుట మాత్రము పనిరానివాని లక్షణమని ఆ కాలపు షెడ్డులలో చెప్పుకొనెడివారు. అట్టిచో మన ఫొటోగ్రాఫర్లు మెచ్చుకొను బొమ్మ యేమైనది? పనివాని నేర్పును గాక పనివాని పొరపాటును అందమని చూపుచున్నది. సంగీతకచేరీలో అపశ్రుతి పలికినపుడే రికార్డు చేసికొన్నట్లున్నది!

వెలుతురును గూర్చి ఒక్కమాట. యంత్రము నల్లనిది. కెమేరాకు నలుపు రుచింపదు. నలుపును జూచి వెలుగు చాలలేదనుకొని బొమ్మను తేలగొట్టును, ఆకాశమును సున్నపుగోడ చేయును. కొంచెము తగ్గించి తీయుట మేలు. మిట్టయెండలో చక్రములు, రాడ్లు నీడలో మునిగిపోవును; ప్రొద్దుటి యేటవాలు ఎండ ప్రక్కనుండి పడినచో వానిలోని ప్రతి మేకును లెక్కింపవచ్చును. ఇది ఫొటోపాఠము కాదు గనుక యింతటితో విడిచెదము.

మనుష్యులను గూర్చి చెప్పవలసినది చాల కలదు. డార్జిలింగు కొండపైకి 1881 నుండి నడచుచున్న చిన్నబండిని ఎఱుగనివారుండరు. పట్టాల నడుమ వెడల్పు రెండడుగులే. దాని యంత్రము ముందు, దూలముపై, ఇద్దఱు మనుష్యులు కూర్చుందురు. పట్టాలు తడిసి చక్రము జాఱునపుడు వారు చేతితో ఇసుక తీసి పట్టాపై చల్లుదురు. వెనుక నింకొకడు బొగ్గుగడ్డలను పగులగొట్టుచుండును. కదలుచున్న యంత్రము ముందు వానలో కూర్చుండి గుప్పెడు గుప్పెడుగా ఇసుక చల్లి బండిని కొండయెక్కించు మనుష్యునికంటె చిత్రమైన దృశ్యము లోకములో మఱొకటి కలదా? అయినను ఆ బండి ఫొటోలు వందలకొలది చూచితిమి. వానిలో ఇసుక చల్లువాని చేయి కనబడునవి వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

మన దక్షిణదేశమున నీలగిరి బండి యున్నది. మేట్టుపాళెమునుండి ఉదకమండలమునకు 46 కిలోమీటర్లు. 1908 నాటికి మార్గము పూర్తియైనది. కూనూరునకు దిగువనున్న భాగమున పన్నెండున్నర అడుగులకొక అడుగు చొప్పున ఎక్కుడు కలదు. అందుకై పట్టాల నడుమ పండ్లపట్టా వేసి, యంత్రము క్రింది పండ్లచక్రము దానిని కఱచుకొని ప్రాకునట్లు చేసిరి. ఎక్కునపుడు యంత్రము బండికి వెనుకనుండి త్రోయును. అందుచే డ్రైవరునకు ముందుదారి కనబడదు. అన్నిటికంటె ముందున్న పెట్టె కొసను నిలిచిన మనుష్యుడు దారి చూచి పచ్చజెండాయో ఎఱ్ఱజెండాయో చూపును. పెట్టెపెట్టెకు బ్రేకు పట్టు మనుష్యుడుండును. అనగా ఆ బండి కన్ను ఒకచోట, కాలు మఱియొకచోట ఉన్నవి. ఈ సంగతి నెఱిగి తీసిన బొమ్మకును, ఎఱుగక కిటికీలోనుండి తల బయటపెట్టి తీసిన బొమ్మకును ఎంత భేదము! (తల బయట పెట్టవలదని మఱల చెప్పనక్కఱలేదని యాశించుచున్నాము.)

ఈ లోపము నేటిది కాదు. దీనికి చరిత్ర కలదు. ఆంగ్లప్రభుత్వకాలమున మెయిలుబండ్ల డ్రైవరుపదవులు చాలవఱకు ఐరోపావారికిని ఆంగ్లో-ఇండియనులకును దక్కుచుండెను. బొగ్గువేయుట, బూడిద తీయుట, బాయిలరు కడుగుట మనవారి వంతు. నాటి బొమ్మలలో దొరగారు యంత్రమునానుకొని నిలిచియుందురు. బొమ్మక్రింద వారి పేరు వ్రాసియుండును. వెనుక బొగ్గుమసితో నిలిచిన నలుగురైదుగురి పేర్లు తఱచుగా నుండవు. అప్పుడు పేరు వ్రాయనివారు పరాయివారు. నేడు కెమేరా మనచేతిలోనే యున్నది. మనముకూడ యంత్రము నంబరు వ్రాసి మనుష్యుని పేరు విడుచుచున్నచో ఎవరిని నిందింపవలెను?

బెజవాడ, కాజీపేట, గుంతకల్లు, వాల్తేరు మొదలైన చోట్ల గొప్ప లోకోషెడ్డులుండెను. అందు పనిచేసిన తెలుగువారు వేలకొలది. పెద్ద యంత్రముపై డ్రైవరును ఇద్దఱు ఫైర్‌మనులును ఉండెడివారు. మే నెలలో, మన యెండలో, ఎఱ్ఱగా కాలుచున్న పొయ్యితలుపు ముందు నిలిచి, ఊగుచున్న పలకపై కాలు నిలద్రొక్కుకొని, పారతో బొగ్గు వేయుట యెట్టిదో మేము వర్ణింపజాలము, చేసినవారే చెప్పవలెను. చల్లబడిన యంత్రమునకు నిప్పుపెట్టి ఆవిరి కట్టించుటకు గంటలు పట్టును. ఆ పనివారు అర్ధరాత్రియే వచ్చెడివారు. డ్యూటీకి పిలుచుటకై కాల్‌బాయి చేతిలో పుస్తకముతో రైల్వేకాలనీ వీధులలో తలుపులు తట్టుచు తిరుగుచుండెను. ఆ పుస్తకములో సంతకము చేసి, భోజనపు క్యారియరు చేతబట్టుకొని నడచిపోయిన తండ్రులను ఎఱిగినవారు మన తలిదండ్రులలో నేటికిని కలరు. చివరిగా పారపట్టినవారికి ఇప్పుడు డెబ్బది, ఎనుబది యేండ్లు. వారి చేతులపై కాలిన మచ్చలు ఇంకను ఉన్నవి. దిమ్మెపైని యంత్రము ఇంకొక నూఱేండ్లు నిలుచును. ఆ చేతులు నిలువవు. ఫొటో తీయుటకు తొందర యేదైన ఉన్నచో ఇచ్చటనే యున్నది.

యంత్రమే అందమైనది, మనుష్యుడు అడ్డు వచ్చిన దాని రూపురేఖలు చెడునని కొందఱందురు. ప్రదర్శనశాలలలో జనము తొలగువఱకు అరగంట వేచియుండి తీయువారిని చూచియున్నాము. వారి యోపికను మెచ్చుకొందుము గాని వాదమును అంగీకరింపలేము. అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ అను ఫొటోగ్రాఫరుండెను. నార్ఫోక్ అండ్ వెస్టరన్ అను రైలుమార్గమున ఆవిరియంత్రములు పోవుచున్న దినములలో, 1955 మొదలు 1960 వఱకు, అతడు స్వంతఖర్చుతో ఆ మార్గమువెంట తిరిగి, చాలభాగము రాత్రివేళలనే, పెక్కు ఫ్లాషుబల్బులను తీగెలతో కలిపి ఒక్కసారిగా వెలిగించి ఫొటోలు తీసెను. ఆ బొమ్మలు లోకప్రసిద్ధములగుటకు కారణము యంత్రములు మాత్రమే కావు. ఇంటి వరండాలో కూర్చున్నవారు, ఏటిలో ఈదులాడు పిల్లలు, కార్లలో కూర్చుండి సినిమా చూచుచున్న జంటలు, వారి వెనుక దూసికొనిపోవు బండి: ఆ యూరి బ్రతుకంతయు అందున్నది. యంత్రము ఆ బ్రతుకులో నొక భాగమై కనబడును. మనుష్యుడు అడ్డుగా నున్నాడని లింకుగారు తలంపలేదు. మనుష్యుని నిలుపుటకే దీపములు కట్టెను.

అయితే ఆ సినిమాబొమ్మలో నొక రహస్యము కలదు. ఫ్లాషుబల్బుల వెలుగునకు తెరపైని చిత్రము తుడిచిపెట్టుకొనిపోయెను. తెరపై మనకిప్పుడు గనబడు విమానమును అతడు వేఱొక నెగెటివునుండి తెచ్చి కలిపెను. ఇది మోసమా? మా యెఱిగినవారిలో దీనిపై వాదులాట జరిగినది. మా మట్టుకు మాకు తోచునదేమనగా, చేసినది దాచనిచో మోసము కాదు. బాడుగకు నడపిన బండినైనను, ఖాళీపెట్టెలను సరకుబండిగా కూర్చి నడపిన బండినైనను ఫొటో తీయవచ్చును. బొమ్మక్రింద ఆ మాట వ్రాయవలెను. 2010లో తీసిన బొమ్మను బూడిదవన్నెలోనికి మార్చి, 1940 నాటి దృశ్యమని యితరులు నమ్మునట్లు పంపుట మాత్రము అబద్ధమే. ఇటీవల కంప్యూటరే కల్పించి యిచ్చు బొమ్మలు వచ్చుచున్నవి. వానిలో చక్రములను కలుపు రాడ్డు ఎచ్చటను తగులక గాలిలో వ్రేలాడుచుండును! నిజమైన యంత్రమును ఒక్కసారి దగ్గఱనుండి చూచినవాడు వానిని చూచి నవ్వును. చూడనివాడే నమ్మును.

తలిదండ్రులు అడుగకముందే చెప్పవలసిన విషయమొకటి కలదు. ఇంగ్లాండులో 1923 నాటి ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అను యంత్రమును బాగుచేసి 2016 ఫిబ్రవరి 25వ తేదీన లండనునుండి యార్కు నగరమునకు నడిపినపుడు, ఫొటోలకై జనము పట్టాలపైకి చేరినందున నడుమదారిలో బండిని నిలుపవలసివచ్చెను. నాడు అదృష్టమున ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. మెక్సికోలోని హిడాల్గో రాష్ట్రమున 2024 జూన్ 3వ తేదీన అంతటి అదృష్టము లేకపోయెను. కెనడానుండి వచ్చిన 1930 నాటి ఆవిరియంత్రము సమీపించుచుండగా, దానితో తన ఫొటోను తానే తీసికొనుటకై పట్టాప్రక్కను వంగిన స్త్రీకి యంత్రము తగిలి ఆమె మరణించెను. ఫోను తెఱపై యంత్రము చిన్నదిగా, దూరముగా గనబడును; దాని పక్కభాగములు పట్టాకంటె ఎంత వెలుపలికి వచ్చునో తెఱ చెప్పదు. మన దేశమున అనుమతి లేక రైల్వేస్థలములో ప్రవేశించుట 1989 నాటి రైల్వేచట్టము 147వ సెక్షను క్రింద నేరము. చట్టమునకు భయపడక పోయినను చక్రమునకు భయపడవలెను. మన విద్యార్థి యెవడైనను పట్టాలపై నిలిచి తీసిన ఫొటోను ఈ పత్రికకు పంపినచో, అది యెంత చక్కనిదైనను వేయము.

ఇప్పుడు మా కోరిక. దసరా సెలవులలో యెవరి తాతగారైనను, మేనమామగారైనను, ప్రక్కయింటి పెద్దలైనను లోకోషెడ్డులో పనిచేసియున్నచో, వారిని దగ్గఱలోని దిమ్మెయంత్రమువద్దకు తోడ్కొనిపొండు. ఎండ తగ్గిన పిమ్మట పోవుట మంచిది. పెద్దలకు కుర్చీయొకటి తీసికొనిపొండు. ‘నవ్వుడు తాతగారూ’ అని వారిని కదలకుండ నిలువబెట్టవలదు. ఏ పిడి దేనికో చూపుమని యడుగుడు. వారు చూపుచున్నపుడు తీయుడు. చేతులను వేఱుగా నొక బొమ్మ తీయుడు. యంత్రము నంబరు క్యాబు ప్రక్కను వ్రాసియుండును. వారి పేరు, చేసిన పని, షెడ్డు పేరు, ఏ సంవత్సరమునుండి ఏ సంవత్సరము వఱకు చేసిరో వారు చెప్పినది చెప్పినట్లు నోటుపుస్తకములో వ్రాసికొనుడు; ఫోనులో పెట్టుకొన్నవి ఫోనుతోనే పోవును. బొమ్మను కాగితముపై అచ్చువేయించి, వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. కలముతో వ్రాసినచో సిరా ముందువైపునకు దిగును. అట్టి బొమ్మలకై వచ్చు సంచికలో ఎనిమిది పుటలు విడిచియుంచినాము. జనవరి నెలాఖరులోపల తెలుగు పండితులవారి గదిలోని బీరువాపైనున్న పెట్టెలో వేయవచ్చును.